తొలకరిలో చెరువు చేప ఎందుకు తేలుతుంది?

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేప తినడం తెలంగాణ ఇళ్ళలో తరతరాల ఆచారం. జూన్ 7 లేదా 8వ తేదీన వచ్చే ఈ "మిరుగం" నాడు మన జిల్లాల బజారులలో చేప ధర ఎంత పలికినా కొనేవారు తగ్గరు. మగ్గాలను నమ్ముకొని మహారాష్ట్రకు తరలిపోయిన కుటుంబాలు భాషతోపాటు ఈ ఆచారాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాయి. థానే జిల్లా భివండిలో కనేరి, పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాల తెలుగు వాడలలో మిరుగం నాటి చేపల పులుసు మాట ఎత్తితే వివరించి చెప్పవలసిన పని లేదు. పైగా అక్కడ జూన్ 1 నుండి రెండు నెలలపాటు సముద్రంలో యాంత్రిక పడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. సముద్రపు చేప రాక తగ్గిన ఆ రోజులలో చెరువు చేపే ఆధారమవుతుంది.

సరిగ్గా ఆ రోజులలోనే మరొక సంగతి కూడా జరుగుతుంది. సాయంత్రం ఉరుములతో తొలి జల్లు పడుతుంది. ఊరంతా చల్లబడిందని సంతోషిస్తుంది. తెల్లవారి కట్ట మీదికి వెళ్ళినవారికి చెరువు నిండా తెల్లని పొట్టలు కనిపిస్తాయి. ఎవరో విషం కలిపారని ఒకరు, కార్ఖానా నీళ్ళు వదిలారని మరొకరు, పిడుగు పడిందని ఇంకొకరు అంటారు. గొడవ ఒకవైపు సాగుతుండగానే మరొకవైపు ఆ చేపలు గంపలకెక్కి బజారు చేరుకుంటాయి. చెరువును గుత్తకు తీసుకున్న సంఘం ఏడాది పంట ఒక్క రాత్రిలో పోతుంది. కారణం తెలియకపోవడంవల్ల నిజంగా విషం వదిలినవాడు తప్పించుకోవడమూ, వదలనివాడు నింద మోయడమూ రెండూ జరుగుతున్నాయి. కనుక వాతావరణం మారినప్పుడు చెరువు లోపల ఏమి జరుగుతుందో కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం.

నీటిలో గాలి ఎంత?

చేప నీటిలోని ప్రాణవాయువును మొప్పలతో పీల్చుకుంటుందని బడిలో అందరమూ చదువుకున్నాము. అయితే ఆ ప్రాణవాయువు ఎంత స్వల్పమో సాధారణంగా ఎవరూ చెప్పరు. ఒక లీటరు గాలిలో సుమారు 275 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. అదే ఒక లీటరు మంచినీటిలో, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద, గాలి నుండి కరగగలిగినది తొమ్మిది మిల్లీగ్రాములు మాత్రమే. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు, 35 డిగ్రీల వద్ద ఏడుకు దిగజారుతుంది. మనకున్న దానిలో ముప్పయ్యో వంతుకు తక్కువ గాలితో చేప జీవిస్తున్నదన్నమాట. నీరు వేడెక్కినకొద్దీ చేప శరీరానికి కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే అవసరం దాదాపు రెట్టింపవుతుంది. ఎండాకాలంలో రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిది చెరువు.

బొచ్చె, రవ్వ, మోసు వంటి చేపలకు లీటరుకు ఐదు మిల్లీగ్రాములు ఉంటే హాయి. మూడుకు దిగితే మేత మానుతాయి. ఒకటికి దిగితే కొన్ని గంటలలో చనిపోతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మత్స్యసంపదకు తగిన నీటికి పెట్టిన ప్రమాణంలో లీటరుకు కనీసం నాలుగు మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని ఉన్నది.

ఈ ప్రాణవాయువు చెరువుకు రెండు దారుల వస్తుంది. ఒకటి గాలి. అలలు లేచినప్పుడు పైనీరు గాలిని కలుపుకుంటుంది. రెండవది పచ్చదనం. నీటిలో తేలే కంటికి కనిపించని పచ్చటి ప్లవకాలు, నాచు, నీటిమొక్కలు పగటి ఎండలో ప్రాణవాయువును విడుస్తాయి. చెరువు నీరు లేత ఆకుపచ్చగా ఉండడం ఆరోగ్యమే. కానీ రాత్రి పడగానే అదే పచ్చదనం ప్రాణవాయువును ఇవ్వడం మాని, చేపతో సమానంగా తానూ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందువల్ల మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో నిండుగా ఉన్న ప్రాణవాయువు రాత్రంతా తగ్గుతూ వచ్చి, సూర్యోదయానికి కొంచెం ముందు అడుగంటుతుంది. చెరువులో చేపలు తెల్లవారుజామునే తేలడానికి కారణం ఇదే. విషానికి వేళ లేదు, ఊపిరాడకపోవడానికి వేళ ఉంది. తరువాత వచ్చే సంగతులన్నిటికీ ఈ తేడా కీలకమైనది.

రోహిణి నుండి మృగశిరకు

రోహిణి కార్తె ఎండలలో నిలిచిన నీరు పొరలుగా విడిపోతుంది. పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. చల్లని నీరు బరువుగా అడుగున నిలుస్తుంది. ఈ రెండింటి మధ్య రాకపోకలు నిలిచిపోతాయి. పై పొరలో వెలుతురు, గాలి, ప్రాణవాయువు ఉంటాయి. అడుగు పొరలో ఎండుటాకులు, చచ్చిన నాచు, చేపల విసర్జన, ఒండ్రు కుళ్ళుతూ ఉంటాయి. కుళ్ళు ఉన్న ప్రాణవాయువును తినివేసి, అమ్మోనియాను, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడును మిగిలిస్తుంది. మే నెలలో చేపలు అడుగుకు పోకుండా నడి నీటిలోనే తిరుగుతుంటాయి. కింద చల్లగా ఉన్నా వాటికి అక్కడ ఊపిరాడదు.

ఇటువంటి చెరువు మీద తొలి వాన పడుతుంది. చల్లని వాన నీరు బరువైనది కనుక కిందికి దిగుతుంది, ఈదురుగాలి పైనీటిని ఒక దరికి నెడుతుంది, అడుగు నీరు రెండవ దరిన పైకి లేస్తుంది. చెరువు తిరగబడిందని బెస్తవారు అనేది దీనినే. అంతవరకు అడుగున బందీగా ఉన్న దుర్వాయువులు, ప్రాణవాయువు లేని నీరు ఒక్కసారిగా మొత్తం చెరువులో కలుస్తాయి. అదే సమయంలో ఆకాశం మబ్బుపట్టి మరునాటి ఎండ రాదు, పచ్చదనం పని చేయదు. మూడవది, ఎనిమిది నెలలుగా వీధులలో, కాలువలలో, శిఖం భూములలో పేరుకున్న చెత్త మొదటి వరదతో చెరువులోకి దిగుతుంది. ఒక్కొక్కటిగా వస్తే చెరువు తట్టుకోగలదు. మూడూ ఒకే రాత్రి వచ్చినప్పుడే చేప తేలుతుంది.

అన్ని చెరువులూ ఒక్క రీతిగా ఉండవు. మే నెలాఖరుకు నాలుగైదు అడుగుల నీరు మిగిలే మన ఊరి చెరువులలో పొరలు గట్టిగా నిలవవు, రాత్రి గాలికే కలిసిపోతాయి. అక్కడ ప్రమాదమంతా మబ్బుతో, చిక్కటి ఆకుపచ్చతో వస్తుంది. రాయి తీసిన లోతైన గుంతలలోనూ, పెద్ద జలాశయాల మడుగులలోనూ మాత్రం తిరగబడడమే అసలు ప్రమాదం. రాతి గుంతలలో చేప పెంచేవారు తొలి జల్లుకు పది రోజుల ముందే పెద్ద చేపను తీసి అమ్ముకోవడం తెలివైన పని.

వానల రీతి కూడా లెక్కలోకి వస్తుంది. తెలంగాణలో సాలుకు 900 మిల్లీమీటర్లు అటూ ఇటూగా కురిస్తే, కొంకణ తీరానికి చేరువైన భివండి వైపు రెండు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. అందులో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే. అందువల్ల అక్కడ తొలకరి గండం పెద్దదైనా త్వరగా గడిచిపోతుంది. రెండు మూడు వారాలలో చెరువు నిండి, కడుక్కుని, పొర్లిపోతుంది. మన వైపు ఒక జల్లు పడి పది రోజులు ఎండ కాసి మళ్ళీ జల్లు పడుతుంది. గండం వాయిదాల పద్ధతిలో వస్తుంది. ఈ మధ్య క్యాలెండరు కూడా నమ్మకంగా లేదు. ముంబయికి రుతుపవనాలు వచ్చే సాధారణ తేదీ జూన్ 11 కాగా, 2025లో అవి మే 26నే చేరాయి. మిరుగానికి పట్టి అమ్ముదామని ఎదురుచూసేవారికి రోహిణిలోనే తొలకరి రావడం ఎటువంటి నష్టమో చెప్పనక్కరలేదు.

గంజి విషం కాదు, కానీ...

భివండి మరమగ్గాల పట్టణం. పడుగు నూలుకు గంజి పెట్టకుండా మగ్గం నడవదని అక్కడి చిన్నపిల్లవానికి కూడా తెలుసు. చెరువు ఎట్లా చస్తుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. గంజి అంటే పిండి. మనిషి తాగినా ఏమీ కాదు. అదే గంజి నీళ్ళు నిలిచిన నీటిలో కలిస్తే సూక్ష్మజీవులకు విందు. అవి లక్షలు కోట్లుగా పెరిగి, పిండిని తినడానికి నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. చేపకు విషం తగలదు, దాని వాటా గాలిని ఇంకొకరు తినివేస్తారు. ఇళ్ళ మురుగు చేసేది ఇదే. పూజ తరువాత నీటిలో వదిలే పూలు, పత్రి, అన్నం చేసేదీ ఇదే.

ఈ ఆకలికి శాస్త్రజ్ఞులు ఒక కొలత పెట్టారు. లీటరు నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎన్ని మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావాలో లెక్కగట్టి దానిని బీఓడీ అంటారు. స్నానానికి పనికివచ్చే నీటిలో ఇది మూడుకు మించరాదు. శుద్ధి చేసిన పిదప నదీనదాలలోకి వదిలే వ్యర్థజలాలకు సాధారణ పరిమితి 30. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పారే నదిలోకి 30తో వచ్చిన నీరు పలచబడి కొట్టుకుపోతుంది. నిలిచిన చెరువులోకి అదే నీరు వస్తే, చట్టప్రకారం శుభ్రమైనదే అయినా, ఏడు మిల్లీగ్రాములు మాత్రమే నిల్వ ఉన్న చెరువుకు అది అప్పు కిందే లెక్క. చెరువును నదితో సమానంగా చూడడం మన కాలుష్య విధానంలోని లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రంగుల సంగతి వేరు. అద్దకపు నీటిలోని కొన్ని రసాయనాలు స్వయంగా హానికరమైనవే. అంతకుమించి, రంగు వెలుతురును అడ్డుకుంటుంది. వెలుతురు లోనికి దిగకపోతే పచ్చదనం ప్రాణవాయువును తయారుచేయలేదు. గుర్రపుడెక్క పరుచుకున్న చెరువుకూ ఇదే గతి. అట్లాగని గుర్రపుడెక్కను మందు కొట్టి ఒక్కసారిగా చంపితే, ఆ కుళ్ళు మొత్తం అడుగుకు చేరి మరింత గాలిని తింటుంది. దానిని చేతులతో లాగి ఒడ్డుకు వేయడమే మార్గం.

భివండిలో కామత్‌ఘర్ దగ్గర వర్హాళాదేవి చెరువు ఉంది. వాడుకలో వరాలా తలావ్. అమ్మవారి గుడి, పట్టణపు మంచినీటిలో ఒక వాటా, గణపతి నిమజ్జనం, గాలం పట్టుకుని కూర్చునే మనుషులు, అన్నిటికీ అదే నీరు. పట్టణాన్ని చీల్చుకుంటూ ఉల్హాస్ ఖాడీ వైపు పోయే కామ్‌వారీ నది మురుగు కాలువగా మారిన తరువాత, ఊరి మధ్య ఇటువంటి నిలిచిన నీరు ఎంత విలువైనదో వేరుగా చెప్పవలసిన పని లేదు. నిమజ్జనం విషయంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో మార్గదర్శకాలు ఇచ్చి 2020లో సవరించింది. మట్టి విగ్రహాలు, సహజ రంగులు వాడాలనీ, పూలూ పత్రీ ముందుగా వేరుచేయాలనీ, వీలైనచోట తాత్కాలిక కుంటలలో నిమజ్జనం జరపాలనీ వాటి సారాంశం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గురించి అందరూ మాట్లాడుతారు గాని, చేప ఊపిరి దృష్ట్యా పూలూ పత్రీ మూటలే ముందు ప్రమాదం. విగ్రహం నెమ్మదిగా కరుగుతుంది, పత్రి వారంలో కుళ్ళుతుంది. పైగా ఆ వెంటనే వచ్చేది ఆశ్వయుజపు ఎండ. వానాకాలమంతా చేరిన ఎరువులతో, కొత్త ఎండతో ప్లవకాలు చిక్కగా పెరిగి, ఒక మబ్బు రోజున కూలిపోతాయి. కనుక చెరువుకు సంవత్సరానికి రెండు గండాలు, తొలకరి ఒకటి, నవరాత్రుల ముందూ వెనుకా ఒకటి.

గాలం వేసేవారికి, వల విసిరేవారికి

పై సంగతులు తెలిసినవారికి చేప ఏ వేళ ఎక్కడ ఉంటుందో చాలావరకు అర్థమవుతుంది. బొచ్చె పైనీటి చేప, పెద్ద నోరు పైకి తెరుచుకుని ప్లవకాలను తింటుంది. రవ్వ, కోస్తావారి శీలావతి, నడి నీటిలో ఉంటుంది. మోసు, బంగారుతీగ అడుగు బురదను వెతుకుతాయి. ఇది మామూలు రోజుల లెక్క. వేసవి నడిమధ్యాహ్నం గాలి ఆడనప్పుడు అడుగున ఊపిరాడక మోసు కూడా పైకి జరుగుతుంది. అప్పుడు అడుగుకు గాలం వేసి కూర్చోవడం దండుగ.

తెల్లవారుజామునే చేప బాగా పడుతుందనే నమ్మకం ఉంది. చలికాలంలోనూ, శుభ్రమైన పెద్ద జలాశయాలలోనూ ఇది కొంత నిజమే. చిక్కటి ఆకుపచ్చ చెరువులో మాత్రం తెల్లవారుజామున చేప ఆయాసంతో ఉంటుంది, ఎర వైపు చూడదు. ఎండ ఎక్కి ఎనిమిది, తొమ్మిది దాటిన తరువాత ఆకలి పుడుతుంది. గాలి ఎటు వీస్తే ఆ దరికి ప్లవకాలు, పురుగులు, తేలే మేత కొట్టుకుపోతాయి. బొచ్చె వాటి వెంటే పోతుంది. గాలికి ఎదురుగా, అలలు కొట్టే దరిన కూర్చోవడం అసౌకర్యమే అయినా చేప అక్కడే ఉంటుంది. మత్తడి దుంకే రోజులలో కొత్త నీరు దిగే వాగు మూతి దగ్గర వానపాములు, పురుగులు కొట్టుకువస్తాయి. ఎర్ర నీరు, పాత నీరు కలిసే గీత వెంట వల వేయడం బెస్తవారి పాత అలవాటు, అది అక్షరాలా సరైనది. నీరు మరీ బురదగా మారితే కంటితో వేటాడే కొర్రమీను మేత తగ్గిస్తుంది, మీసాలతో, వాసనతో వెతికే జల్ల, వాలుగ, మార్పు చురుకవుతాయి.

తుపానుకు ముందు గాలి ఒత్తిడి తగ్గుతుందనీ, చేపకు అది తెలిసి మేత మానుతుందనీ కొందరు గట్టిగా చెబుతారు. ఇందులో అతిశయోక్తి ఉంది. వాన ముందు వాయుపీడనం ఐదు, పది మిల్లీబార్లు మారుతుంది. ఒక మిల్లీబారు అంటే నీటిలో ఒక సెంటీమీటరు లోతుతో సమానం. చేప జానెడు పైకి ఈదినా దానికి అంతకు మించిన మార్పు తగులుతుంది. ఒత్తిడి కంటె, వానకు ముందు వచ్చే మబ్బు, గాలి, వెలుతురు తగ్గుదల, నీటి కదలిక చేపను ఎక్కువగా కదిలిస్తాయని భావించడమే సమంజసం.

చలికాలం సంగతి క్లుప్తంగా. నీరు ఇరవై డిగ్రీల లోపుకు దిగితే బొచ్చె, రవ్వ మందగిస్తాయి. వానాకాలం ముగిసి చలి మొదలయ్యే సంధిలోనే ఎర్రమచ్చలతో పుండ్లు పడే వ్యాధి వస్తుంది. ఈ వ్యాధి 1988లో మన దేశంలో ప్రవేశించింది. కొర్రమీనుకు ముందుగా సోకుతుంది. సున్నం చల్లడం మొదటి ఉపాయం.

ఎదురెక్కే చేప

తొలకరి అంటే చావు ఒక్కటే కాదు, పుట్టుక కూడా. కొంకణంలో, థానే, రాయగఢ్ గ్రామాలలో తొలి వరదకు చేపలు వాగుల నుండి వరి మడులలోకి ఎదురెక్కుతాయి. వాటిని "వలగణ్" చేపలంటారు. మన వైపు అలుగు కింద, కాలువల వెంట ఎదురెక్కే చేపలను ఊతలతో, బుట్టలతో పట్టడం ఇటువంటిదే. పండుగ వలె సాగే ఈ వేట వెనుక ఒక నష్టం ఉంది. ఎదురెక్కేది గుడ్లతో నిండిన చేప. దానిని అక్కడ పడితే రాబోయే ఏటి పంటను ముందుగా తిన్నట్లే.

బొచ్చె, రవ్వ, మోసు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద కావాలి. అందుకే చెరువులలో ఏటా పిల్లలను తెచ్చి వదలవలసి వస్తుంది. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించగలిగారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. అప్పటివరకు నదులలో వరద వెంట తిరిగి పిల్లలను ఏరి తెచ్చుకునేవారు. తెలంగాణలో 2016 నుండి ప్రభుత్వమే చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలించే పథకాన్ని ఆరంభించింది. ఎంత మంచి పిల్లను వదిలినా మత్తడికి జాలి లేకపోతే ఒక్క వరదకు పోతుంది. 2023 జూలైలో నిజామాబాద్ జిల్లా వేల్పూరులో ఒక్క రోజులో 46 సెంటీమీటర్ల వాన పడింది. అటువంటి రోజున ఏ జాలీ నిలవదన్నది వేరే సంగతి.

కొర్రమీను దారి వేరు. అది నిలిచిన లోతు తక్కువ నీటిలో, గడ్డి మధ్య గూడు చేసి గుడ్లు పెట్టి, తల్లీదండ్రీ కాపలా కాస్తాయి. ఎర్రటి పిల్లలు గుంపుగా బంతివలె తిరుగుతుంటాయి. మహారాష్ట్రులు దీనిని "మరళ్" అంటారు. 2016లో తెలంగాణ దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి మొప్పలతోపాటు పైగాలిని కూడా పీల్చగలవు. అందుకే కూర దాకా ప్రాణంతో ఉంటాయి, అందుకే వాటికి ధర ఎక్కువ.

పైగాలి పీల్చే గుణానికి ఒక చీకటి కోణం కూడా ఉంది. ఆఫ్రికా జాతి మార్పును, బజారులో "థాయ్ మాగుర్" అనే దానిని, మురుగు గుంతలో కూడా పెంచవచ్చు. దానికి నీటిలోని ప్రాణవాయువుతో పని లేదు. దొరికిన ప్రతి చేపనూ తిని మన జాతులను నాశనం చేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2000లోనే దీని పెంపకాన్ని నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కఠినంగా ఆదేశించిన తరువాత మహారాష్ట్ర మత్స్యశాఖ ఈ చెరువులను ధ్వంసం చేయించిన చోట్లలో భివండి తాలూకా కూడా ఉంది. తక్కువ ధరకు ప్రాణంతో దొరికే నల్లని మీసాల చేపను కొనేముందు అది ఎక్కడ పెరిగిందో అడగడం మంచిది.

ఊపిరాడకనా, విషంవల్లనా?

ఇక అసలు ప్రశ్న. ప్రాణవాయువు లేక చనిపోతే తెల్లవారుజామున మొదలై ఎండ ఎక్కేసరికి చావు ఆగుతుంది. పెద్ద చేపలు ముందు పోతాయి, చిన్న పిల్లలు మిగులుతాయి. చేపల నోళ్ళు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని ఉంటాయి. కొర్రమీను, మార్పు, కప్పలు బ్రతికే ఉంటాయి. నీటి రంగు ముందురోజు కంటె గోధుమ లేదా బూడిద రంగుకు తిరుగుతుంది. విషమైతే ఏ వేళలోనైనా జరుగుతుంది. చిన్నా పెద్దా తేడా ఉండదు, కొర్రమీనుతోపాటు కప్పలు, నత్తలు, పురుగులు కూడా చస్తాయి. చనిపోకముందు చేపలు గిరగిర తిరుగుతాయి, ఒడ్డుకు ఎగురుతాయి. కాలువ దిగే మూల నుండి చావు మొదలై లోపలికి పాకుతుంది. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో లక్షల చేపలు తేలినప్పుడు పారిశ్రామిక వ్యర్థాల మీద ఆరోపణలు వచ్చి పెద్ద చర్చ జరిగింది. అటువంటిచోట్ల ఈ గుర్తులను ఎవరైనా ఆ ఉదయమే రాసిపెట్టుకుంటే విచారణకు ఎంతో బలం.

రెండూ కలిసి జరిగే సందర్భాలు కూడా ఉంటాయి. అమ్మోనియా అందుకు ఉదాహరణ. నీటి పీహెచ్ 7 దగ్గర అందులో ఒక శాతం లోపే విషరూపంలో ఉంటుంది. చిక్కటి నాచువల్ల మధ్యాహ్నం పీహెచ్ 9కి ఎక్కితే మూడవ వంతుకు పైగా విషంగా మారుతుంది. మురుగు చెరువులో పట్టపగలు చేపలు చస్తే దీనిని అనుమానించాలి.

తినవచ్చునా అనే ప్రశ్నకు సమాధానం కఠినంగానే చెప్పాలి. తేలి చనిపోయిన చేపను, కారణం తేలనంతవరకు, తినరాదు, అమ్మరాదు. ఊపిరాడక చచ్చిన చేపలో విషం లేకపోయినా, వేడి నీటిలో గంటల తరబడి తేలితే కుళ్ళు లోపల మొదలైపోతుంది. మిరుగం నాటి కొనుగోలులో మొప్ప ఎత్తి చూడాలి. ఎర్రగా, వాసన లేకుండా ఉంటే మంచిది, పాలిపోయి జిగురు పట్టి ఉంటే వదిలివేయాలి.

చేపలు బ్రతికి ఉండి పైన నోళ్ళు తెరుస్తున్నప్పుడు చేయగలిగిన పని కొంత ఉంది. మోటారుతో నీటిని లాగి అదే చెరువులోకి ఎత్తు నుండి చిమ్మించాలి. బోరునీళ్ళు ఉంటే గాలి తగిలేలా చిమ్మించి వదలాలి. కొల్లేరు, భీమవరం వైపు చెరువులలో మబ్బు పట్టగానే గాలి చక్రాలు తిప్పేది ఇందుకే. మేత, పేడ, ఎరువు ఆ రోజు వేయరాదు. వల లాగి బురద కలపరాదు. ఎండ వచ్చేదాకా రెండు మూడు గంటలు గట్టెక్కిస్తే చాలు. ముందుజాగ్రత్తగా సాయంత్రం మోచేతి దాకా నీటిలో చేయి ముంచి చూడాలి. మోచేయి మునగకముందే అరచేయి కనిపించకుండా పోతే నీరు చిక్కబడిందని, ఆ రాత్రి మబ్బుపడితే ప్రమాదమని అర్థం.

నమూనా విషయంలో ఒక్క మాట. చేపలు తేలిన సంగతి తెలిసి, అధికారులకు కబురు వెళ్ళి, వారు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటికి ఎండకు ప్రాణవాయువు మళ్ళీ ఆరు, ఏడుకు చేరి ఉంటుంది. పరీక్ష చేస్తే నీరు బాగుందనే ఫలితం వస్తుంది. వదిలిన విషం కూడా పలచబడి ఉంటుంది. అందువల్ల సంఘాలు ఒక ఇరుకు మూతి సీసాను, రెండు రసాయనాలను, మాంగనీసు సల్ఫేటును, క్షారంతో కలిపిన అయొడైడును, ముందే దగ్గర ఉంచుకోవడం మేలు. బుడగ లేకుండా సీసా నిండా నీరు పట్టి, అక్కడికక్కడే ఈ రెండూ వేసి మూత బిగిస్తే ప్రాణవాయువు కట్టుబడిపోతుంది. తరువాత కొన్ని గంటలకు ప్రయోగశాలలో లెక్క తేల్చవచ్చు. వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి ఇది. మత్స్యశాఖ కార్యాలయంలోనో, దగ్గరలోని కళాశాల రసాయనశాస్త్ర విభాగంలోనో అడిగితే చేసి చూపిస్తారు. విష పరీక్షకు మరొక శుభ్రమైన సీసాలో నీటిని, చనిపోతున్న చేపలు రెండింటిని మంచులో పెట్టాలి. సీసా మీద వేళ, స్థలం రాయాలి. ఇదంతా సూర్యుడు పొడవకముందే జరగాలి.